గురకకు మాస్కా, ప్లేటా? ముందు నోరు చూపించుకుని తేల్చుకోండి

పళ్లు చూసేందుకు మేం వాడే చిన్న గుండ్రటి అద్దాన్ని బుగ్గ లోపలివైపు ఆనించి తీస్తే జారుతూ వచ్చేయాలి. కొందరి నోట్లో రాదు. జిగురు రాసినట్టు అతుక్కుపోతుంది, లాగితే బుగ్గ కూడా వెంట వస్తుంది. నోట్లో తడి తగ్గిందని చెప్పడానికి ఇంతకంటే తేలికైన పరీక్ష నాకు తెలియదు.

మొన్నామధ్య రైస్ మిల్లులో లెక్కలు రాసే ఒకాయన వచ్చారు. 52 ఏళ్లు. షుగర్ లేదు, కిళ్లీ అలవాటు లేదు. రెండు పూటలా బ్రష్ చేస్తానన్నారు, చూస్తే చేస్తున్నట్టే ఉంది. అయినా పైవరస ముందుపళ్లకు, సరిగ్గా చిగురు అంచున, పెన్సిలుతో గీసినట్టు గోధుమరంగు పుచ్చు. కింది దవడపళ్లు అరిగి బల్లపరుపుగా ఉన్నాయి. నాలుక బయట పెట్టమంటే దాని అంచుల నిండా పళ్ల గుర్తులు, కజ్జికాయ అంచు నొక్కినట్టు. "పొద్దున్న లేచేసరికి నాలుక పిడచకట్టుకుపోతుందండీ, మంచం పక్కన చెంబు ఉండాల్సిందే" అన్నారు. పక్కనున్న ఆవిడ అందుకున్నారు: "గురక సంగతి చెప్పరేం? గురక పెట్టినంతసేపూ ఫర్వాలేదండీ, మధ్యలో ఆగిపోతుందే, అప్పుడే నాకు టెన్షన్."

అసలు రోగం ఆవిడ మాటలోనే ఉంది. ఆయనకు కావలసింది నాలుగో ఫిల్లింగు కాదు, నిద్ర పరీక్ష. చేయిస్తే స్లీప్ ఆప్నియా తేలింది. నిద్రలో గొంతు వెనక దారి మూసుకుపోయి ఊపిరి 10 సెకన్లో, అంతకంటే ఎక్కువో ఆగడం, ఉక్కిరిబిక్కిరై మళ్లీ అందుకోవడం, రాత్రంతా ఇదే. ఆ తర్వాత అందరూ అడిగే ప్రశ్నే ఆయనా అడిగారు. "మెషీన్ కొనాలా, లేక నోట్లో పెట్టుకునే ప్లేటు చేయించుకోవాలా?" మెషీన్ అంటే మాస్కు గుండా గాలి పంపి గొంతు దారి తెరిచి ఉంచేది, ప్లేటు అంటే కింది దవడను ముందుకు పట్టి ఉంచేది.

ఈ ఎంపిక చాలామంది రెండే లెక్కలతో చేస్తారు. ఊపిరి ఎన్నిసార్లు ఆగుతోంది, ఖర్చెంత. నోరు ఎలా ఉందన్నది ఎవరికీ గుర్తుకురాదు. నిద్ర డాక్టరు నోట్లో అద్దం పెట్టరు, పళ్ల డాక్టరు నిద్ర గురించి అడగరు. మెషీన్ కొని 3 నెలలకు అటక ఎక్కించిన వాళ్లని, ప్లేటు పెట్టుకుని పళ్లు కదిలించుకున్న వాళ్లని చూశాక నాకు తోచింది ఏమిటంటే, పళ్లు, చిగుళ్లు, ముక్కు, ఉమ్మి, ఈ నాలుగూ చూసుకున్నాకే డబ్బు తీయాలి. ఇంకో మాట ముందే చెప్పేస్తాను. ప్లేటు చేస్తే నాకు ఫీజు వస్తుంది, మాస్కు కొంటే రాదు. అది మనసులో ఉంచుకునే నేను చెప్పేది చదవండి.

రాత్రి నోట్లో జరిగేది

మనకు రోజుకు అర లీటరు నుంచి లీటరున్నర దాకా లాలాజలం ఊరుతుంది. ఊరికే కూర్చున్నప్పుడు నిమిషానికి 0.3 మిల్లీలీటర్ల చొప్పున ఊరేది, నమిలేటప్పుడు అయిదారు రెట్లవుతుంది. నిద్రపట్టాక ఆ ఊట దాదాపు ఆగిపోతుంది. చెవి ముందుండే పెద్ద గ్రంథి ఇంచుమించు పని మానేస్తుంది. ఇది అందరికీ జరిగేదే, పొద్దున్నే అందరి నోళ్లూ వాసన వచ్చేది అందుకే. నోరు మూసుకుని ముక్కుతో ఊపిరి తీసుకునేవాళ్లకు ఆ మిగిలిన కాస్త తడి తెల్లవార్లూ సరిపోతుంది. అందులో ఆమ్లాన్ని విరిచే బైకార్బొనేట్ ఉంటుంది, పళ్లలోంచి పోయిన కాల్షియం, ఫాస్ఫేట్ తిరిగి చేర్చే సరుకు ఉంటుంది, సూక్ష్మజీవులను అదుపులో పెట్టే ఎంజైములు ఉంటాయి.

ఆప్నియా ఉన్నవాళ్లు గాలి చాలక నోరు తెరుస్తారు. రాత్రంతా ఫ్యాన్ గాలికి తడిగుడ్డ ఆరినట్టు నోరు ఆరిపోతుంది. 2016లో న్యూజిలాండ్ ఒటాగో విశ్వవిద్యాలయం వాళ్లు ఆరోగ్యంగా ఉన్న 10 మంది మీద దీన్నే కొలిచారు. కొన్ని రాత్రులు వాళ్ల ముక్కుకు క్లిప్పు పెట్టి, నోటితోనే గాలి పీల్చేలా చేసి పడుకోబెట్టారు. మామూలు రాత్రి నోట్లో సగటు పీహెచ్ (ఆమ్లం కొలత, అంకె తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువ) 7.0 ఉంటే, నోటితో పీల్చిన రాత్రి 6.6. కొన్ని క్షణాల్లో 3.6 దాకా పడిపోయింది. పంటి పైపొర ఎనామిల్ 5.5 దగ్గర కరగడం మొదలవుతుంది. చిగురు జారి బయటపడ్డ వేరు భాగం అంత కూడా ఆగదు, 6 దాటి ఉండగానే కరుగుతుంది. మిల్లు లెక్కలాయనకు పుచ్చు చిగురు అంచునే ఎందుకు వచ్చిందో ఇప్పుడు అర్థమై ఉంటుంది.

ఇక్కడ ఒక తిరకాసు ఉంది. ఆప్నియా వాళ్లలో చాలామందికి పగలు ఉమ్మి కొలిస్తే మామూలుగానే ఉంటుంది. గ్రంథులు చెడిపోలేదు, రాత్రిపూట తెరిచిన నోరే తడిని ఆరబెట్టేస్తోంది. కాబట్టి ఉమ్మి ఊరించే మాత్రల కోసం తిరగడం దండగ, నోరు మూతపడే ఏర్పాటు కావాలి. ఇంకొందరు అడుగుతారు: "నోరు ఎండిపోతోందంటారు, మరి దిండు మీద చొంగ మరకలేంటండీ?" రెండూ ఒకటే కథ. ఒక పక్కకు తిరిగి నోరు తెరిచి పడుకుంటే, మింగాల్సిన ఉమ్మి బయటికి కారిపోతుంది, లోపల అంగిలి ఎండుతుంది.

ఎండిన నోరొక్కటే కాదు. ఆప్నియా వాళ్లలో పళ్లు కొరికే అలవాటు ఎక్కువగా కనిపిస్తుంది. పులితేన్పులు, ఛాతీలో మంట కూడా తోడుంటాయి. రాత్రి పైకి తన్నుకొచ్చిన ఆమ్లం పై ముందుపళ్ల లోపలివైపును నున్నగా తినేస్తుంది. చిగుళ్ల జబ్బుకీ ఆప్నియాకీ సంబంధం ఉందని చాలా పరిశీలనల్లో కనిపించింది కానీ, ఇది ఉండబట్టే అది వచ్చిందని గట్టిగా చెప్పడానికి లేదు. ఇద్దరికీ ఉమ్మడి చుట్టాలు ఉన్నారు: షుగర్, సిగరెట్, బరువు.

కొనేముందు రెండు పనులు

మొదటిది, నోరు ఎండడానికి వేరే కారణం ఉందేమో చూసుకోవడం. జలుబుకు రోజూ వేసుకునే సెట్రిజిన్, నిద్రకో నొప్పులకో ఇచ్చే అమిట్రిప్టిలిన్, బీపీకి ఇచ్చే నీరు పోయే మాత్రలు, ఇవన్నీ నోరు ఎండగొడతాయి. షుగర్ అదుపు తప్పినా అంతే. తేడా పట్టడం కష్టమేమీ కాదు. పొద్దున్నే ఎండి, కాఫీ తాగి రెండు మాటలు మాట్లాడేసరికి సర్దుకుంటే అనుమానం రాత్రి మీద. మధ్యాహ్నం మూడింటికి కూడా అన్నం ముద్ద దిగడానికి నీళ్లు కావాలంటే, సంగతి గ్రంథుల్లోనో మాత్రల్లోనో ఉంది. అద్దం అంటుకుంటే మేం 5 నిమిషాలు ఒక కప్పులో ఉమ్మి పట్టి కొలుస్తాం. అర మిల్లీలీటరు కూడా రాకపోతే ఊట నిజంగానే తగ్గినట్టు. అలాంటి వాళ్లకు మాస్కు మారిస్తే తీరేది కాదు, ఫిజీషియన్ దగ్గరికి పంపుతాం. వేసుకుంటున్న మాత్రలను మీ అంతట మీరు ఆపకండి, రాసిన డాక్టరుకు చెబితే వేరేవి ఇస్తారు.

రెండోది నిద్ర పరీక్ష. గంటకు ఎన్నిసార్లు ఊపిరి ఆగిందో, తగ్గిందో లెక్కేసి ఒక అంకె ఇస్తారు. 5 నుంచి 14 దాకా స్వల్పం, 15 నుంచి 29 దాకా మధ్యస్థం, 30, ఆపైన అయితే తీవ్రం. ఇంట్లోనే ఒక రాత్రి పెట్టుకునే చిన్న మెషీన్లతో కూడా చాలామందికి తేలిపోతుంది. గుండె జబ్బు, పక్షవాతం, ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవాళ్లు మాత్రం ఆస్పత్రిలో పడుకుని చేయించుకోవడం మేలు. ఈ అంకె లేకుండా ఎవరైనా, నాతో సహా, ప్లేటు చేసి ఇస్తామంటే వద్దనండి.

నిద్ర డాక్టరు నోరు తెరిపించి గొంతులోకి టార్చి వేసి "మల్లంపాటి 3", "మల్లంపాటి 4" అని రాసుకుంటారు. అది ఊరిపేరులా వినిపించి, ఏమిటని అడిగిన వాళ్లున్నారు. అమెరికాలో మత్తు డాక్టరుగా పనిచేసిన మన తెలుగాయన మల్లంపాటి శేషగిరిరావు గారి పేరది. ఆపరేషన్ ముందు గొట్టం వేయడం ఎవరికి కష్టమవుతుందో నోరు తెరిపించి చూస్తే తెలుస్తుందని 1985లో ఆయన రాశారు. కొండనాలుక, దాని చుట్టుపక్కల ఎంత కనిపిస్తే అంత సులువు, నాలుక మొత్తం కప్పేస్తే అంత ఇరుకు. ఇప్పుడు గురక కేసుల్లోనూ ఆ కొలతే వాడుతున్నారు. అద్దం ముందు నిలబడి నోరు తెరిచి మీరే చూసుకోవచ్చు. అయితే దాన్ని బట్టి జబ్బు తేల్చుకోవడం మాత్రం కుదరదు.

మాస్కుల్లో ఏది

సీప్యాప్ మెషీన్ చేసేది ఒకటే పని. గాలిని ఒత్తిడితో పంపి గొంతు దారి మూసుకోకుండా నిలబెడుతుంది. 1981లో సిడ్నీలో కాలిన్ సలివన్ బృందం దీన్ని ప్రచురించినప్పటి నుంచీ ఆప్నియా తగ్గించడంలో దీన్ని మించింది రాలేదు. నోటి సంగతికొస్తే మాత్రం ఇది రెండంచుల కత్తి. సరిగ్గా కుదిరినవాళ్లకు నోరు మూతపడి, ఏళ్ల తరబడి ఉన్న పొద్దుటి పిడచ వారంలో పోతుంది. కుదరనివాళ్లకు ముక్కులో పోసిన గాలి నోట్లోంచి బయటికి తన్నుకుపోయి, ముందుకంటే ఎక్కువ ఎండుతుంది. మెషీన్ అటకెక్కే కథల్లో సగం ఇక్కడే మొదలవుతాయి.

ముక్కు మీద మాత్రమే ఉండే మాస్కు, ముక్కు రంధ్రాల్లో ఆనే చిన్న పిల్లోలు, ముక్కూ నోరూ కప్పే పెద్ద మాస్కు, ఈ మూడింటిలో షాపువాళ్లు చాలాసార్లు పెద్దదే చేతిలో పెడతారు. "సార్ నోరు తెరుస్తారు కదా, ఇదైతే సేఫ్" అంటారు. వినడానికి సబబుగానే ఉంటుంది. కానీ పెద్ద మాస్కు అంచు పొడవు ఎక్కువ, లీకులూ ఎక్కువే. పైగా అది కింది దవడను వెనక్కి నొక్కుతుంది, దాంతో ఒత్తిడి ఇంకాస్త పెంచాల్సి వస్తుంది. నోరు తెరిచే ఉంటుంది, కాబట్టి ఎండడమూ ఆగదు. అమెరికా నిద్ర వైద్యుల సంఘం 2019 మార్గదర్శకాల్లో కూడా మొదట ముక్కు మాస్కే ప్రయత్నించమంది. పళ్ల వైపు నుంచి చూసినా నా ఓటు దానికే. ముక్కు లోపలి ఎముక బాగా వంకరగా ఉండి, వైద్యం చేయించినా గాలి ఆడని వాళ్లకు మాత్రం పెద్ద మాస్కు తప్పదు.

"నా ముక్కు ఎప్పుడూ దిబ్బడేనండీ" అనేవాళ్లు మాస్కు కంటే ముందు ఈఎన్‌టీ డాక్టరు దగ్గరికి వెళ్లాలి. అలర్జీకి ముక్కులో కొట్టుకునే స్ప్రే నెల రోజులు పద్ధతిగా వాడితే ముక్కు మాస్కుకు దారి తెరుచుకున్నవాళ్లు ఎందరో. ఇంకో గమ్మత్తు. నోట్లోంచి గాలి లీకయ్యే కొద్దీ ముక్కు లోపలి పొర ఎండి ఉబ్బుతుంది, ఉబ్బితే ముక్కు మూసుకుంటుంది, మూసుకుంటే నోరు ఇంకా తెరుస్తారు. ఈ చక్రాన్ని తెంచేది వేడి హ్యూమిడిఫయర్, అంటే పంపే గాలికి తేమ కలిపే నీళ్ల డబ్బా. మెషీన్ కొనేటప్పుడు అది వద్దని అయిదారు వేలు మిగుల్చుకోవద్దు, ఆ డబ్బు తర్వాత నాకో, నాలాంటి వాళ్లకో ఒక రూట్ కెనాల్‌కు ఇస్తారు.

హ్యూమిడిఫయర్‌లో మందుల షాపులో దొరికే డిస్టిల్డ్ వాటర్ పోయండి. పెట్రోలు బంకులో బ్యాటరీకి పోసే నీళ్లు చవకని అవి తెచ్చేవాళ్లున్నారు, అవి పీల్చడానికి తయారైనవి కావు. రోజూ మిగిలిన నీళ్లు పారబోసి, డబ్బా కడిగి ఆరబెట్టాలి. విశాఖ, కాకినాడ లాంటి ఉక్క ఊళ్లలో ఏసీ వేసుకుంటే ట్యూబులో నీటిబొట్లు పేరుకుని ముక్కు మీద పడతాయి. అప్పుడు తేమ ఒక మెట్టు తగ్గించాలి, లేదా ట్యూబుకు గుడ్డ తొడుగు వేయాలి. హైదరాబాద్ చలికాలం పొడిగా ఉంటుంది, అక్కడ పెంచుకోవాలి. కరెంటు పోయే ఊళ్లలో ఇంకో చిక్కు. ఇన్వర్టర్ మీద మెషీన్ నడుస్తుంది కానీ హ్యూమిడిఫయర్ నీళ్లు వేడిచేసే పలకే కరెంటు తినేస్తుంది. అలాంటి రాత్రి వేడి ఆపేసి, మామూలు నీళ్ల మీదుగా గాలి నడపండి.

గడ్డం కింద కట్టే పట్టీ కొందరికి పనిచేస్తుంది. నోటికి టేపు వేసుకునే ఫ్యాషన్ ఒకటి వచ్చింది, వీడియోలు చూసి వచ్చి అడుగుతున్నారు. ఆప్నియా పరీక్ష చేయించుకోని మనిషి, పైగా ముక్కు దిబ్బడ ఉన్న మనిషి, నోటికి టేపు వేసుకోవడమంటే ఉన్న ఒక్క కిటికీ మూసుకోవడమే. వద్దు.

పాత మెషీన్ కొనేవాళ్లకు ఒక జాగ్రత్త. 2021లో ఒక పెద్ద కంపెనీ లోపలి ఫోమ్ పొడిపొడిగా రాలుతోందని లక్షల మెషీన్లు వెనక్కి పిలిచింది. ఓఎల్ఎక్స్‌లో దొరికింది కదా అని తీసుకునేముందు మోడల్ నంబరు ఆ జాబితాలో ఉందేమో చూసుకోండి. మాస్కు, ట్యూబు మాత్రం కొత్తవే కొనాలి.

దవడ ప్లేటు

ఇది పై పళ్లకు ఒకటి, కింది పళ్లకు ఒకటి తొడుక్కునే గట్టి ప్లేటు. రెండింటినీ కలిపి కింది దవడను కొన్ని మిల్లీమీటర్లు ముందుకు పట్టి ఉంచుతుంది. దవడతోపాటు నాలుక ముందుకొస్తుంది, గొంతు వెనక దారి తెరుచుకుంటుంది. మొదట దవడ ఎంత దూరం ముందుకు రాగలదో కొలిచి, అందులో సగం దూరంలో పెడతాం. తర్వాత వారాల తరబడి కొంచెం కొంచెంగా జరుపుతూ పోతాం. గురక ఆగిందని ఇంట్లోవాళ్లు సంబరపడే రోజున పని అయిపోయినట్టు కాదు. ప్లేటు పెట్టుకుని మళ్లీ నిద్ర పరీక్ష చేయించాలి. గురక పోయి ఊపిరి ఆగడం మాత్రం మిగిలిపోయిన వాళ్లుంటారు.

మాస్కుకు ముక్కు ఎలాగో దీనికి పళ్లు అలాగ. ఒక్కో వరసలో గట్టి పళ్లు కనీసం 8 నుంచి 10 ఉండాలి, లేకపోతే ప్లేటుకు పట్టు దొరకదు. చిగుళ్ల జబ్బు ఉండి పళ్లు ఊగుతుంటే వాటిని రాత్రంతా లాగే పరికరం పెట్టకూడదు. ఇది నేను తప్పు చేసి నేర్చుకున్న పాఠం. చాలా ఏళ్ల కిందట ఒక బస్సు డ్రైవరుకు, చిగుళ్లు కాస్త రక్తం కారుతున్నా, క్లీనింగ్ తర్వాత చూద్దాంలే అని తొందరపడి ప్లేటు ఇచ్చేశాను. ఆయనకు తొందర, నాకు ఉత్సాహం. 6 నెలలకు కింది ముందుపళ్లు రెండు నాలుక తాకితే కదిలేదాకా వచ్చాయి. ప్లేటు ఆపించి, చిగుళ్ల వైద్యం చేసి, చివరికి ఆయన్ని మాస్కుకే పంపాను. అప్పటి నుంచి చిగుళ్ల లోతు కొలవకుండా, ఎక్స్‌రే చూడకుండా ఎవరికీ అచ్చు తీయను.

లాలాజలం సంగతికొస్తే ప్లేటు మొదట్లో తమాషాగా ప్రవర్తిస్తుంది. నోట్లో కొత్త వస్తువు పడగానే తిండి వచ్చిందనుకుని గ్రంథులు ఉమ్మి పొంగిస్తాయి. మొదటి రెండు వారాలు దిండు తడిసిపోతుంది, తువ్వాలు వేసుకుని పడుకోమని ముందే చెబుతాను. తర్వాత తగ్గుతుంది. కొందరికి మాత్రం ఉల్టా. ప్లేటు మందం వల్ల పెదవులు కలవక నోరు ఎండుతుంది. అందుకే అచ్చు తీసేముందు ఒకసారి పెదవులు మూసి, ముక్కుతో రెండు నిమిషాలు ఊపిరి తీసుకోమంటాను. తీసుకోలేకపోతే ప్లేటు పెట్టినా నోరు తెరుచుకునే ఉంటుంది.

జనం పట్టించుకోని ఇంకొకటుంది. ప్లేటు తొడిగిన పంటికి ఉమ్మి అందదు. పాలు తాగి, పెరుగన్నం తిని బ్రష్ చేయకుండా ప్లేటు పెట్టుకుంటే, ఆ మెతుకునీ పంటినీ కలిపి 7 గంటలు మూతపెట్టినట్టే. ప్లేటు పెట్టుకున్నాక మంచినీళ్లు తప్ప ఏదీ తాగకూడదు. పొద్దున తీశాక గోరువెచ్చని నీళ్లతో, మెత్తటి బ్రష్‌తో కడగాలి. మరిగే నీళ్లలో వేస్తే వంగిపోతుంది. టూత్‌పేస్టుతో రుద్దితే గీతలు పడి, ఆ గీతల్లో వాసన చేరుతుంది.

పొద్దున లేవగానే దవడ కీలు దగ్గర బిగుసుకుపోయినట్టు ఉండడం, పళ్లు కలిపితే సరిగ్గా కూర్చోనట్టు అనిపించడం మామూలే, అరగంటలో సర్దుకోవాలి. దానికి దవడ వ్యాయామం నేర్పుతాం. ఏళ్ల తరబడి వాడితే మాత్రం పై ముందుపళ్లు లోపలికి, కింది ముందుపళ్లు బయటికి ఒకటి రెండు మిల్లీమీటర్లు జరుగుతాయి. అది నెమ్మదిగా, నొప్పి లేకుండా జరిగిపోతుంది. ముందుపళ్లతో జామకాయ కొరకడం రాకపోయిన రోజున తెలుస్తుంది. ప్లేటు వాడేవాళ్లు 6 నెలలకోసారి డాక్టరుకు చూపించుకోవాలనేది ఇందుకే. ఇంటర్నెట్‌లో దొరికే, వేడి నీళ్లలో ముంచి కొరికే రకం ప్లేట్లు ప్రయోగానికి కూడా నేను సిఫారసు చేయను. వాటి పట్టు తక్కువ, దవడను ఎంత జరిపామో కొలత ఉండదు.

రెండూ పక్కపక్కన పెడితే

ఊపిరి ఆగడాన్ని తగ్గించడంలో మాస్కుదే పైచేయి, ఇందులో వాదన లేదు. కానీ పెట్టుకున్న గంటలే లెక్కలోకి వస్తాయి. 2013లో ఆస్ట్రేలియాలో మధ్యస్థ, తీవ్ర ఆప్నియా ఉన్నవాళ్లకు ఒక నెల మాస్కు, ఒక నెల ప్లేటు ఇచ్చి పోల్చారు. అంకెల్లో మాస్కు గెలిచింది. వాడకంలో ప్లేటు గెలిచింది, రాత్రికి సగటున ఆరున్నర గంటలు పెట్టుకున్నారు, మాస్కు 5.2 గంటలే. నెల చివర పగటి మత్తులోనూ బీపీలోనూ పెద్ద తేడా కనపడలేదు. మాస్కును రాత్రికి 4 గంటలు పెట్టుకుని తీసేసే మనిషి మిగతా 3 గంటలూ నోరు తెరిచి పడుకుంటున్నాడని పళ్ల డాక్టరుగా నాకు గుర్తుంటుంది.

నా లెక్క ఇలా ఉంటుంది. అంకె 30 దాటినా, గుండె జబ్బు ఉన్నా, డ్రైవింగ్‌లో కునుకు వస్తున్నా ముందు మాస్కే, పళ్లు ఎంత బాగున్నా సరే. స్వల్పం, మధ్యస్థం అయి, పళ్లూ చిగుళ్లూ గట్టిగా ఉండి, ముక్కు ఆడుతుంటే ప్లేటుతో మొదలుపెట్టడంలో తప్పులేదు. రాత్రి బస్సుల్లో, రైళ్లలో తిరిగే ఉద్యోగాలవాళ్లకు, కరెంటు నమ్మకం లేని చోట ఉండేవాళ్లకు అదే నయం. పళ్లు కొరికే అలవాటు ఉన్నవాళ్లకు ప్లేటు అరుగుదల నుంచి కూడా కొంత అడ్డుపడుతుంది. అయితే పళ్లు అరగకుండా రాత్రి తొడుక్కునే మామూలు నైట్ గార్డు, ఈ ప్లేటు ఒకటి కాదు. ఆప్నియా ఉందని తెలియక పైవరసకు మాత్రమే నైట్ గార్డు పెట్టిస్తే కొందరికి ఊపిరి ఇంకా ఎక్కువ ఆగుతుంది. పళ్లు అరిగాయని ఎవరైనా గార్డు ఇస్తామంటే, "నాకు గురక ఉందండీ" అని మీరే చెప్పండి.

కట్టుడు పళ్లవాళ్లకు దారి దాదాపు ఒకటే, మాస్కు. ఎండిన నోట్లో కట్టుడు పళ్లు ఒరుసుకుని పుండ్లు పడతాయి, అంగిలి ఎర్రబడి ఫంగస్ చేరుతుంది. అందుకే రాత్రి తీసి నీళ్లలో వేయమంటాం. తీస్తే బుగ్గలు లోపలికి పోయి మాస్కు లీకవుతుందని కొందరి ఇబ్బంది. అలాంటప్పుడు మాస్కు కొనేచోటికి పళ్లు తీసి వెళ్లి కొలత ఇవ్వండి, పెట్టుకుని కాదు.

వెల్లకిలా పడుకున్నప్పుడే ఊపిరి ఆగుతోందని రిపోర్టులో ఉంటే, చొక్కా వీపున జేబు కుట్టించి అందులో టెన్నిస్ బంతి వేసుకునే పాత పద్ధతి ఇప్పటికీ పనికొస్తుంది. ఖర్చు బంతి ధరే. బరువు తగ్గడం అన్నిటికీ సాయం. 2024 డిసెంబరులో అమెరికా మందుల అనుమతి సంస్థ ఎఫ్‌డీఏ, ఊబకాయంతో పాటు మధ్యస్థ, తీవ్ర ఆప్నియా ఉన్నవాళ్లకు బరువు తగ్గించే టిర్జెపటైడ్ ఇంజెక్షన్‌ను అనుమతించింది, అది మన దేశంలోనూ దొరుకుతోంది. డాక్టరు పర్యవేక్షణలో వాడేది. వాంతులు, పులితేన్పులు వస్తే పళ్లకు ఆమ్లం తగులుతుందని గుర్తుంచుకుని, వాంతి అయిన వెంటనే బ్రష్ చేయకుండా నీళ్లతో పుక్కిలించాలి. ఆపరేషన్ల గురించి ఈఎన్‌టీ వాళ్లు చెప్పాలి, నేను చెప్పేది కాదు.

ఏది వాడినా పళ్లకు చేయాల్సింది

రాత్రి బ్రష్ చేశాక నురగ ఉమ్మేసి, నీళ్లతో పుక్కిలించకుండా పడుకోండి. పేస్టులోని ఫ్లోరైడ్ పంటి మీద నిలవాలి. మామూలు పేస్టుల్లో అది 1000 పీపీఎం (పది లక్షల పాళ్లలో వెయ్యి పాళ్లు) దగ్గర ఉంటుంది. చిగురు అంచున పుచ్చు మొదలైనవాళ్లకు 5000 పీపీఎం పేస్టు రాసిస్తాం, అది సొంతంగా కొనుక్కునేది కాదు. మిల్లు లెక్కలాయనకు అదే ఇచ్చాను. ముక్కు మాస్కు, హ్యూమిడిఫయర్ కూడా పెట్టుకున్నారు, ప్లేటు చేయలేదు. ఆయన అంకె 41, చిగుళ్లు కూడా అంత గట్టివి కావు.

నోరు ఎండుతోందని పిప్పరమెంటు బిళ్లలు, నిమ్మ బద్దలు చప్పరించేవాళ్లు పుచ్చును డబ్బిచ్చి కొనుక్కుంటున్నట్టే. చక్కెర లేని జైలిటాల్ చూయింగ్ గమ్ నయం, అదీ పగలు. రాత్రికి నోటికి రాసుకునే తడి జెల్ మందుల షాపుల్లో దొరుకుతుంది, పడుకునేముందు శనగగింజంత చిగుళ్లకు, అంగిలికి రాసుకుంటే 3, 4 గంటలు ఉంటుంది. మౌత్‌వాష్ కొంటే ఆల్కహాల్ లేనిది చూసి కొనండి. మందు తాగే అలవాటు ఉన్నవాళ్లకు ఒక మాట. పడుకునేముందు రెండు పెగ్గులు గొంతు కండరాలను వదులు చేస్తాయి, నోటిని ఎండబెడతాయి, రెండు నష్టాలూ ఒకే గ్లాసులో.

మంచం పక్కన చెంబులో మంచినీళ్లే ఉండనివ్వండి. మజ్జిగ, టీ, జ్యూసు అక్కడికి రాకూడదు. తర్వాతిసారి పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు మీ నిద్ర పరీక్ష రిపోర్టు, వాడే మాత్రల చీటీ, ప్లేటు ఉంటే దాని డబ్బాతో సహా తీసుకెళ్లండి. వీలైతే పొద్దుటి పూట, మొదటి అపాయింట్‌మెంట్ తీసుకోండి. సాయంత్రానికి నోరు తడిబారిపోతుంది, అద్దానికి ఏమీ తెలియదు.